అరిసెల పాకం పడి చెయ్యి కాలింది. తెల్ల క్రీము రాస్తుంటే పసుపు పొర కడుతోంది, చీమేనా?

తణుకు కోడలు:

అందరికీ నమస్కారమండి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

భోగికి రెండు రోజుల ముందు మా ఇంట్లో అరిసెలు వండుతున్నాం. అయిదు కిలోల బియ్యప్పిండి, ఇత్తడి గుండిగ, పెరట్లో కట్టెల పొయ్యి. పాకం చూడడంలో మా అత్తగారు దిట్ట. ఈ ఏడాది మోకాళ్ళ నొప్పులని పీట మీద కూర్చుని "నువ్వే చూడవే" అన్నారు. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేశాను. మొదటిసారి కరిగిపోయింది. రెండోసారి వేలితో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టింది. సరే, పిండి పొయ్యమన్నాను. మా తోటికోడలు కొంచెం కొంచెం జల్లాల్సింది పోయి పళ్ళెం పళ్ళెమంతా ఒక్కసారే గుమ్మరించేసింది. తడిపిండి కదండీ, పాకం బుస్సున పొంగి, గుండిగ అంచు గుడ్డతో పట్టుకున్న నా ఎడమ చేతి మీద పడింది. మణికట్టు దగ్గర మొదలై మోచేతి వైపుకి నా అరచెయ్యంత మేర కాలింది.

నూనె చుక్క పడితే జారిపోతుంది. పాకం అలా కాదండి, బంకలా పట్టేసుకుంటుంది. కంగారులో కొంగుతో తుడిచేశాను. పాకంతో పాటు పై తోలు కూడా కొంగుకి వచ్చేసింది. మట్టిగాజులు రెండు చేతికి అతుక్కుపోతే మా ఆయన పగలగొట్టి తీశారు.

తర్వాత వైద్యం మొదలు. అత్తగారు టూత్‌పేస్టు తెచ్చారు. పక్కింటి పిన్నిగారు ఇంకు రాయమన్నారు (ఈ రోజుల్లో ఇంకు ఎవరింట్లో ఉందండీ). పేస్టు రాశాక మంట రెట్టింపయింది. అప్పుడు మా ఆయన కడిగేయమని బకెట్లో ముంచారు. రెండు నిమిషాలు ముంచి తీసేశాను. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు టీటీ ఇంజెక్షన్ చేసి, కాలిన గాయాలకి వాడే తెల్ల క్రీము తెచ్చుకోమన్నారు. మెడికల్ షాపులో సిల్వర్ సల్ఫాడయజిన్ 1 శాతం అని రాసున్న ట్యూబులు ఇచ్చారు, 20 గ్రాములవి రెండు.

రోజుకి మూడుసార్లు రాస్తున్నాను. ముందు రాసిందాని మీదే మళ్ళీ రాస్తున్నాను, కడిగితే మంటని భయం. రాసినప్పుడు చల్లగా ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఇవాళ అయిదో రోజు. నిన్నటి నుంచి గాయం మీద ఒక పొర కడుతోంది. ఎండిపోయిన మీగడ ఉంటుంది చూడండి, అలా, పసుపూ బూడిదా కలిసిన రంగు. మూల దగ్గర కొంచెం ఊడితే కింద గులాబీ రంగులో తడితడిగా కనిపించింది. మా అత్తగారు "చీము పట్టింది, కట్టు కట్టి గాలాడకుండా చేశారు కదా" అంటున్నారు. నాకు జ్వరం లేదు. చెడు వాసన కూడా లేదు, మందు వాసనే. గాయం చుట్టూ మాత్రం మూడో రోజు నుంచి దురద, సన్నగా ఎర్ర పొక్కులు వచ్చాయి. మానేటప్పుడు దురద వస్తుందంటారు కదా అని ఊరుకున్నాను.

ఇది చీమేనాండీ? క్రీము ఆపెయ్యాలా, ఇంకా దట్టంగా రాయాలా? ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుంటే సరిపోతుందా? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఇవాళ కనుమ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఇంక డాక్టరెక్కడ దొరుకుతాడు. చాలా టెన్షన్‌గా ఉంది.


పెరటి వైద్యం:

అమ్మా, ఈ ఇంగ్లీషు క్రీములన్నీ పైపై పూతలు. మా నాయనమ్మ లేత అరటాకు కాలిన చోట పరిచి కట్టేది. కలబంద గుజ్జు రాసేది. వారంలో మాయం. క్రీము కడిగేసి కలబంద రాయండి. పండగ పూట ఆసుపత్రుల చుట్టూ తిరక్కండి.


పాత వార్డు సిస్టర్:

అమ్మాయీ, నేను ప్రభుత్వాసుపత్రిలో కాలిన గాయాల వార్డులో 19 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను. గాయం కళ్ళతో చూడకుండా తీర్పు చెప్పేవాళ్ళని నమ్మకు, నాతో సహా. అయినా నువ్వు చెప్పిన పొర మాత్రం నేను కొన్ని వేలసార్లు చూసిందే.

కాలిన గాయం నుంచి రసి కారుతుంది. ఆ రసీ ఈ తెల్ల క్రీమూ కలిసి గడ్డకట్టి, నువ్వన్నట్టే ఎండు మీగడలా పొర అవుతుంది. మేం వార్డులో దాన్ని దొంగ పక్కు అనేవాళ్ళం. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు దాన్ని చూసి "సిస్టర్, పస్!" అని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తడి గాజు గుడ్డ (గాజ్, కట్లకి వాడే పల్చటి గుడ్డ) ఒక పది నిమిషాలు వేసి ఉంచి, నెమ్మదిగా తుడిచి చూపించేదాన్ని. కింద గులాబీగా, ముట్టుకుంటే చుర్రుమనేలా ఉంటే అది చీము కాదు. నీకు మూల దగ్గర కనిపించింది అదే అనిపిస్తోంది. పైగా నువ్వు కడక్కుండా పూత మీద పూత వేశావు కాబట్టి పొర మరీ దట్టమయింది. గోడకి పాత సున్నం గీకకుండా కొత్త సున్నం వేస్తే ఏమవుతుంది, పెచ్చులే కదా.

నిజంగా ఇన్ఫెక్షన్ అయితే లక్షణాలు వేరు. రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంది. గాయం చుట్టూ ఎరుపు పాకుతుంది, వాపు వేడిగా ఉంటుంది, చెయ్యి మీద ఎర్రటి చార పైకి ఎక్కుతుంది. చలి జ్వరం వస్తుంది. నిన్న గులాబీగా ఉన్న చోటు ఇవాళ నల్లబడుతుంది. ఇంకొకటి ఉంది, అది చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు. కట్టు విప్పితే గాజు గుడ్డ ఆకుపచ్చగా ఉండి, ఏదో తియ్యటి వాసన గుప్పుమంటుంది. సూడోమోనాస్ అనే క్రిమి పని అది. నేను డ్యూటీలో చేరిన కొత్తలో గది గుమ్మం దగ్గరే ఆ వాసన పట్టి మా హెడ్ సిస్టర్ "ఏడో బెడ్డు" అనేది. ఇవి ఒక్కటి కనిపించినా పండగా లేదు, కనుమా లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అసలు ఈ తెల్ల క్రీము పుట్టిందే ఆ పచ్చ క్రిమి లాంటివాటి కోసం. 1968లో అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చార్లెస్ ఫాక్స్ అనే డాక్టరు వెండినీ సల్ఫా మందునీ (క్రిముల్ని అణిచే పాతకాలపు మందుల జాతి) కలిపి దీన్ని తయారుచేశాడు. అంతకుముందు సిల్వర్ నైట్రేట్ నీళ్ళతో కట్లు తడుపుతూ ఉండేవాళ్ళట, పక్కబట్టలు, చేతులు అన్నీ నల్లబడేవట. మా పెద్ద సర్జన్ గారు క్లాసులో చెప్పేవారు. మా వార్డుకి ఈ క్రీము అరకిలో డబ్బాల్లో వచ్చేది. గ్లవ్స్ వేసుకుని రొట్టెకి వెన్న పూసినట్టు పూసేవాళ్ళం.

నువ్వడిగిన మాత్రల సంగతి. మింగిన మందు రక్తంలో కలిసి గాయం దగ్గరికి చేరాలి. లోతుగా కాలిన చోట రక్తనాళాలు మాడి మూసుకుపోతాయి, ఇంక మందు అక్కడికి చేరేదెలా? అందుకే పైనుంచి రాసే మందు కావాల్సొచ్చింది. పైపైన కాలిన గాయమైతే రక్తం ఆడుతూనే ఉంటుంది, క్రిముల సంగతి ఒళ్ళే చూసుకుంటుంది. అందుకని చిన్న గాయానికి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ మాత్రలు మింగడం దండగ. విరేచనాలు తప్ప ఒరిగేదేమీ లేదు.

పైపై గాయానికి ఈ తెల్ల క్రీము కూడా రోజుల తరబడి అక్కర్లేదమ్మా. ఇది నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరూ చెప్పలేదు, చివరి పదేళ్ళలో నేర్చుకున్నాం. వెండికి క్రిమీ, మొలిచే కొత్త చర్మమూ రెండూ ఒకటే, రెండింటినీ కొడుతుంది. నారుమడి మీద కలుపు మందు కొట్టినట్టు. లేత గాయాలు దీనితో ఆలస్యంగా మానుతున్నాయని పరిశోధనలన్నీ గుదిగుచ్చి చూసినవాళ్ళు తేల్చారు. పైగా పొర కట్టేసి లోతు ఎంతో డాక్టరుకి కనపడనివ్వదు. లోతుగా కాలి, తోలు తెల్లగానో అట్టలాగానో మారిన పెద్ద గాయాలకి ఇప్పటికీ దీని అవసరం ఉంది.

ఇప్పుడు అసలు మాట. నీ పోస్టులో అందరూ పొర గురించి చదువుతారు. నాకు కళ్ళు ఆగింది దురద దగ్గర. మానే దురద మూడో రోజుకి రాదు, ఇంకా తర్వాత వస్తుంది. అది గాయం మీద వస్తుంది, క్రీము తగిలిన మంచి చర్మం మీద ఎర్ర పొక్కులతో కాదు. నీకెప్పుడైనా సల్ఫా మాత్రలు పడలేదా? చిన్నప్పుడు జ్వరానికో విరేచనాలకో సెప్ట్రాన్ లాంటిది ఇస్తే దద్దుర్లు వచ్చాయా? మీ అమ్మని అడుగు, ఇలాంటివి అమ్మలకే గుర్తుంటాయి. జి6పిడి లోపం (కొన్ని మందులకి ఎర్ర రక్తకణాలు పగిలిపోయే పుట్టు లోపం) ఉందని ఎవరైనా చెప్పారా? కడుపుతో ఉన్నావా? నెలలు నిండుతున్న గర్భిణులకీ, రెండు నెలల్లోపు పిల్లలకీ ఈ క్రీము వాడకూడదు. సమాధానం తెలిసేదాకా క్రీము ఆపు. ఒంటి మీదంతా దద్దురు లేచినా, పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చెయ్యి.

ఈ రాత్రికి చెయ్యాల్సింది చెప్తాను. అన్నం తిన్నాక పారాసిటమాల్ వేసుకో, అరగంట ఆగు. కాచి చల్లార్చిన నీళ్ళు ధారగా పోస్తూ, నురగ తక్కువ సబ్బుతో, గాజు గుడ్డ తడిపి పాత క్రీము తియ్యి. వచ్చినంతే తియ్యి, పట్టుకున్నది పీకకు. దూది వాడకు, పోగులు అతుక్కుంటాయి. శుభ్రమైన వాజెలీన్ పల్చగా రాసి, గాజు గుడ్డ నాలుగు మడతలు వేసి, వదులుగా కట్టు. చెయ్యి దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పడుకో.

రేపు మాత్రం తప్పకుండా డాక్టరుకి చూపించు. వీలైతే సర్జన్‌కి. గాయం అరచెయ్యంత ఉంది (మనిషి అరచెయ్యి వేళ్ళతో కలిపితే ఒంట్లో సుమారు నూటికి ఒక వంతు), మణికట్టు కీలు మీద ఉంది, పైగా పాకం. పాకం వేడి నీళ్ళ మరుగుని మించి ఉంటుంది, పట్టుకుని వదలదు. టీ ఒలికి కాలడానికీ దీనికీ పోలిక లేదు. ఎక్కడో ఒకచోట లోతుగా దిగే ఉంటుంది.

పెరటి వైద్యం గారూ, అరటాకు మాట మీరు తేలిగ్గా అన్నా నేను తేలిగ్గా తీసుకోను. కాలిన గాయాలకి అరటాకు కట్లు మన దేశంలో ఆసుపత్రుల్లోనే వాడారు. ముంబైలో ఉడికించిన బంగాళదుంప తొక్కలతో కూడా కట్లు కట్టారు. అయితే ఆవిరి పట్టి క్రిములు లేకుండా చేశాక. పెరట్లోంచి కోసుకొచ్చి పరిచింది కాదు. పండగ పూట ఆసుపత్రికి వెళ్ళొద్దన్న మాట మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి.


మెల్‌బోర్న్ గుంటూరోడు:

సిస్టర్ గారికి దండం. ఒక్క మాట కలుపుతాను. కిందటేడు మా అబ్బాయి కాలి మీద రసం ఒలికింది. ఇక్కడ అంబులెన్స్ వాళ్ళు ఫోన్లోనే చెప్పారు, చల్లటి కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పెట్టండి, గడియారం చూసి మరీ పెట్టండి అని. ఐసు వద్దన్నారు. 20 నిమిషాలు ఏడుస్తున్న నాలుగేళ్ళ పిల్లాణ్ణి కుళాయి కింద పట్టుకోవడం ఎంత పనో అనుభవిస్తే గానీ తెలీదు. వెంటనే కుదరకపోయినా కాలిన మూడు గంటల్లోపు ఎప్పుడు చేసినా లాభమేనన్నారు. అక్కా, మీ రెండు నిమిషాల బకెట్టు చాల్లేదు. ఇప్పుడనుకుని ఏం లాభం, కానీ చదివేవాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నా.

ఆసుపత్రిలో తెల్ల క్రీము రాయలేదు. అడిగాను కూడా, "మా ఊళ్ళో అదే రాస్తారు" అని. గాయం కనపడకుండా చేస్తుంది, రోజూ కడిగి మార్చాలి, పిల్లాడికి రోజూ నరకం అన్నారు. వెండి కలిపిన మెత్తటి షీటు ఒకటి అతికించి, నాలుగు రోజులు ముట్టుకోవద్దన్నారు. లోపల ఏమవుతోందో అని నాలుగు రాత్రులూ నాకు నిద్ర లేదు. విప్పితే సగం మానిపోయి ఉంది. అక్కడ మనవాళ్ళకి ఆ షీట్లు ఖరీదు ఎక్కువని తెలుసు. మా బాబాయి గుంటూరులో అడిగితే కొల్లాజెన్ షీటు అని ఒకటి వేశారట.


మందుల కొట్టు:

అక్కా, నేను మెడికల్ షాపు నడుపుతాను, మీ జిల్లా కాదు. మా వైపు నుంచి కూడా ఒక మాట వినండి. కౌంటర్ దగ్గరికొచ్చి "కాలినదానికి ఏదైనా ఇవ్వు" అనేవాళ్ళే నూటికి తొంభై. ఎవరు కాలారు, ఎంత కాలింది, ఎప్పుడు కాలింది అని అడిగితే "నువ్వు డాక్టరువా" అంటారు. అడక్కపోతే ఇదిగో ఇలా అవుతుంది. సల్ఫా పడుతుందా అని మీకు ట్యూబు ఇచ్చినాయన అడగాల్సింది. నేను కూడా పండగ రద్దీలో అడగకుండా ఇచ్చిన రోజులున్నాయి, అబద్ధం చెప్పను.

ట్యూబుల విషయంలో జనానికి పెద్ద గందరగోళం. పసుపుపచ్చగా ఉండే బర్నాల్ వేరు, అందులో ఉండేది అమినాక్రిన్, సెట్రిమైడ్ అనే యాంటీసెప్టిక్‌లు. చిన్న చురకలకి ఇళ్ళలో దశాబ్దాలుగా వాడుతున్నారు. తెల్లది సిల్వర్ సల్ఫాడయజిన్, కొన్ని కంపెనీలు అందులో క్లోర్‌హెక్సిడిన్ కూడా కలుపుతాయి. సల్ఫా పడనివాళ్ళు ఏ కంపెనీ పేరున్నా ట్యూబు వెనకాల సన్నక్షరాల్లో "సల్ఫా" అన్న ముక్క ఉందేమో చూసుకోవాలి. పేరు మారినంత మాత్రాన మందు మారదు.

ఇంకొకటి, బతిమాలి చెప్తున్నా. దురదగా ఉందని ఎవరైనా తామర క్రీము ఇస్తే తీసుకోవద్దు. అలాంటివాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పచ్చి గాయం మీద స్టెరాయిడ్ రాస్తే క్రిమికి తలుపు తీసినట్టే. మిగిలిన ట్యూబు దాచిపెట్టి మీ ఇంట్లో ఇంకొకరికి రాయకండి. మూత తీసి పెట్టింది వెలుతురికి నల్లబడితే పారెయ్యాల్సిందే. ముఖం మీద కాలితే కూడా ఈ తెల్ల క్రీము జోలికి పోకండి, బూడిద రంగు మచ్చ మిగిలే ప్రమాదం ఉంది.


తణుకు కోడలు:

సిస్టర్ గారూ, మీ కాళ్ళకి దణ్ణమండి. నిన్న మీరు రాసింది చదివి అమ్మకి ఫోన్ చేశాను. సల్ఫా అనే మాట అమ్మకి తెలీదు. సెప్ట్రాన్ అనగానే "నువ్వు తొమ్మిదో తరగతిలో ఉండగా జ్వరానికి ఇస్తే ఒళ్ళంతా దద్దుర్లెక్కి కళ్ళు మూసుకుపోలేదూ! తాతయ్య సైకిలు మీద తీసుకెళ్ళి ఇంజెక్షన్ చేయించలా!" అంది. నాకు తాతయ్య సైకిలు గుర్తుంది, మాత్ర గుర్తు లేదండి. ఇరవై రెండేళ్ళయింది.

రాత్రి మీరు చెప్పినట్టే కడిగాను. మా ఆయన నీళ్ళు పోశారు, అత్తగారు టార్చి పట్టుకున్నారు. పొర చాలావరకు తడికి నాని గుడ్డతో వచ్చేసింది. కింద చీము లేదండి. గులాబీగా ఉంది, నీళ్ళు తగిలితే ప్రాణం పోయింది. మణికట్టు ఎముక దగ్గర మాత్రం రూపాయి బిళ్ళంత చోట తెల్లగా ఉంది, అక్కడ ముట్టుకుంటే పెద్దగా తెలియట్లేదు. అది చూసి అత్తగారు టార్చి ఆపేసి లోపలికి వెళ్ళిపోయారు. పాకం నన్ను చూడమన్నది తనేనని బాధపడుతున్నారు.

ఇవాళ ముక్కనుమ, టౌన్లో సర్జన్ గారు దొరికారు. చాలావరకు పైపొరే, రెండు వారాల్లో మానుతుందన్నారు. ఆ రూపాయి బిళ్ళంత చోటు లోతుగా ఉంది, మూడు వారాలు చూసి మానకపోతే చర్మం అతకడం గురించి ఆలోచిద్దాం అన్నారు. సల్ఫా సంగతి చెప్పగానే చీటీ పైన ఎర్ర పెన్నుతో రాసి చుట్టూ గీత గీశారు. తెల్ల క్రీము పూర్తిగా మానిపించారు. వాజెలీన్ పట్టించిన గాజు గుడ్డ పరిచి కట్టు కట్టారు, మూడు రోజులకోసారి మారిస్తే చాలట. మాత్రలు నొప్పికీ దురదకీ మాత్రమే రాశారు. యాంటీబయాటిక్ రాయండి అని మా ఆయన అడిగితే "దేనికి?" అన్నారు. మణికట్టు రోజూ పైకీ కిందకీ ఆడించమన్నారు, లేకపోతే బిగుసుకుంటుందట. అది మాత్రం ఏడిపిస్తోంది.


పాత వార్డు సిస్టర్:

మంచి డాక్టరు దొరికాడు. కట్టు మార్చే రోజు గాజు గుడ్డ అతుక్కుంటే పీకకు, తడిపి ఆగు. మణికట్టు ఏడుస్తూ అయినా ఆడించు. వార్డులో బతిమాలి, తిట్టి ఆడించేవాళ్ళం. పెళ్ళి కావలసిన పిల్లలు నొప్పికి భయపడి చెయ్యి కదపక, చివరికి మణికట్టు వంగక ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. రోజూ గుడ్డో పప్పో కాస్త ఎక్కువ తిను, చర్మం మొలవడానికి మాంసకృత్తులు కావాలి. మీ అత్తగారికి చెప్పు, పాకం ఎవరు చూసినా పిండి ఒక్కసారే పోస్తే పొంగుతుంది, తప్పు ఆవిడది కాదు.


తణుకు కోడలు:

ఎలా ఉందని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకని రాస్తున్నాను. ఇవాళ్టికి 24 రోజులు. పైపై కాలిందంతా పన్నెండో రోజుకే మానింది. ఆ దురద, గాయం చుట్టూ పొక్కులు క్రీము ఆపిన మూడో రోజుకి పోయాయి. రూపాయి బిళ్ళ చోటు అంచుల్నుంచి మూసుకుంటూ వచ్చి, మొన్న చివరి కట్టు విప్పితే కందిగింజంత మిగిలింది. అతకడం అక్కర్లేదన్నారండి. కొత్త చర్మం లేత గులాబీ రంగులో మెరుస్తోంది, ఎండ తగిలితే చుర్రుమంటోంది. ఎండలోకి వెళ్తే పూర్తి చేతుల జాకెట్టు వేసుకోమన్నారు, రోజూ కొబ్బరినూనె రాసి మర్దనా చెయ్యమన్నారు. ఇప్పుడొస్తున్న దురద సిస్టర్ గారు చెప్పిన అసలు దురదే అనుకుంటా, రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వట్లేదు.

రెండో తెల్ల ట్యూబు మూత తియ్యలేదు. షాపాయన వెనక్కి తీసుకున్నాడు. "సల్ఫా పడదని ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు, "మీరు అడగొచ్చు కదండీ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అమ్మ రోజూ ఫోన్ చేసి ఆ మాత్ర పేరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నావా అని అడుగుతోంది. పెట్టుకున్నాను. అత్తగారు తన పర్సులో కూడా ఒకటి పెట్టుకున్నారు, నా పేరు రాసి.